క్లిఫ్టన్ కొండ జైలు: ఆ కథ విని ఎందుకు నవ్వుతున్నాం?

అరిజోనాలో పాత గనుల ఊళ్ళు చూసొచ్చినవాళ్ళు చెప్పే కబుర్లలో క్లిఫ్టన్ జైలు కథ తప్పకుండా ఉంటుంది. మొన్న ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాల దగ్గర మళ్ళీ విన్నాను. 1881లో క్లిఫ్టన్‌కి జైలు కావలసి వచ్చిందట. ఇటుకలూ దూలాలూ తెప్పించే బదులు ఊరి పక్కనున్న కొండనే తొలిపించారు. తొలిచినవాడు మార్గరీటో వరేలా అనే మెక్సికన్ గని కార్మికుడు. పని పూర్తయింది, కూలి చేతిలో పడింది. వరేలా పీకల దాకా మెస్కల్ తాగి, హోవీ డాన్స్ హాల్లో దూరి తుపాకీ పేల్చి నానా రభస చేశాడు. పట్టుకెళ్ళి, తను తొలిచిన గదిలోనే మొట్టమొదటి ఖైదీగా తోశారు.

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. "ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారు" అన్నారొకరు. కథ చెప్పినాయన కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాడు, తల ఊపాడు. నాకు మాత్రం అక్కడే ముద్ద దిగలేదు. ఆ గొయ్యి వరేలా తనకోసం తవ్వుకున్నది కాదు, ఎవరినో పడెయ్యాలని పన్నాగం పన్ని తవ్విందీ కాదు. ఒకరు తవ్వమన్నారు, కూలికి తవ్వాడు. తవ్వమన్నవాళ్ళ పేరు మన కథలో ఎందుకు లేదు?

ఈ కథలో వరేలా తాగుడొక్కటే గుర్తుండేలా తయారుచేశారనీ, దాన్ని అలాగే చెప్పుకుంటూ పోతే ఒక ఊరి చరిత్రలో సగం మనకి కనపడకుండా పోతుందనీ నా నమ్మకం. "పాత జైలు చూడ్డానికి సరదాగా వెళ్తే నువ్వు దానిమీద కూడా కేసు వేస్తావేంటన్నా?" అని ఆ రాత్రి మా తమ్ముడి వరసవాడు అడిగాడు. వాడికి అక్కడ నాలుగు ముక్కల్లో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆ రాయి ఎలాంటిది

క్లిఫ్టన్ అరిజోనాకి తూర్పు అంచున, న్యూ మెక్సికో సరిహద్దుకి దగ్గరలో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో నది ఒరుసుకుంటూ పోయే ఇరుకైన లోయ. ఇటు కొండ, అటు కొండ, మధ్యలో నది, రోడ్డు, మిగిలిన కాస్త చోటులో ఊరు. జనాభా దాదాపు 4 వేలు. పైన మొరెన్సీ రాగి గని ఉంది. ఉత్తర అమెరికాలోని అతిపెద్ద రాగి గనుల్లో అదొకటి. ఇక్కడ తవ్వకాలు 1870ల్లో మొదలయ్యాయి, ఈనాటికీ సాగుతున్నాయి.

జైలు హైవేని ఆనుకునే ఉంటుంది. కారు దిగితే నాలుగు అడుగుల్లో కొండ గోడ. ముందు రాతి కట్టడం, ఇనప చువ్వలు, వాటి వెనక చీకటి. బయట ఎండ మాడిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం మొదటి నిమిషం హాయిగా ఉంటుంది, కాసేపు నిలబడితే ఒంట్లోకి దిగుతుంది. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడా నునుపు లేదు. రాయి పగిలినచోట పగిలినట్టే వదిలేశారు, అంచులు అరచేతికి గీరుకుంటాయి. వెలుగు వచ్చేది పైనున్న చిన్న కిటికీ లోంచే. అందులోంచి బయటికి చూడాలంటే ఎంత పొడుగువాడైనా మునివేళ్ళ మీద నిలబడాలి.

ఆ కాలంలో రాయి తొలచడమంటే పూర్తిగా చేతి పని. ఒకడు ఉక్కు ఉలి పట్టుకుంటాడు, ఇంకొకడు సమ్మెటతో కొడతాడు. ప్రతి దెబ్బకీ ఉలిని కొంచెం తిప్పాలి, లేకపోతే ఇరుక్కుపోతుంది. దెబ్బ గురి తప్పితే పట్టుకున్నవాడి చెయ్యి నుజ్జవుతుంది. లోపల చేరిన రాతి పొడిని సన్నటి గరిటెతో గీకి తీయాలి. తగినంత లోతు దిగాక మందు కూరి, వత్తి అంటించి పరిగెత్తాలి. పేలాక పొగ పోయేదాకా ఆగి, పగిలిన రాళ్ళు మోసి బయట పొయ్యాలి. మళ్ళీ ఉలి, మళ్ళీ సమ్మెట. మనుషులు పట్టే గదులు రావాలంటే ఇది ఎన్ని వందలసార్లు జరిగి ఉండాలో ఆ గోడని తడిమితే తెలుస్తుంది.

మా ఊళ్ళో బావులు తవ్వే ఒక పెద్దాయన ఉండేవాడు. రాతిపొర తగిలిందంటే ఆయనకే కబురు వెళ్ళేది. ఊళ్ళో సగం బావులు ఆయన చేతుల మీదే పడ్డాయి. ఆయనకి సెంటు భూమి లేదు, ఆయన వీధిలోకి ఆ బావుల నీళ్ళు వచ్చింది కూడా చాలా ఏళ్ళ తర్వాతే. ఆయన సాయంత్రం కల్లు తాగి వీధిలో అరిస్తే పిల్లలం నవ్వేవాళ్ళం. ఊరందరి నోట ఆయన పేరు "తాగుబోతు"గానే మిగిలింది. వరేలా కథ వింటుంటే నాకు ఆయనే కళ్ళముందు మెదిలాడు.

వరేలాకి ఆ పని అప్పజెప్పింది ఊళ్ళో గనులు నడిపే యాజమాన్యమేనని చెబుతారు. 1881 నాటికి క్లిఫ్టన్‌లో రాగి గనులు, కొలిమి, దుకాణం అన్నీ లెసిన్‌స్కీ సోదరులవి. తర్వాత కొద్ది ఏళ్ళకే అవి ఎడిన్‌బరోకి చెందిన అరిజోనా కాపర్ కంపెనీ చేతికి పోయాయి. పని ఇచ్చేవాడు, సరుకు అమ్మేవాడు, జైలు తవ్వించేవాడు ఒకడే అయిన ఊళ్ళో "చట్టం" అంటే ఏమిటో మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. జమీందారీ కథలు విని పెరిగినవాళ్ళం.

తమ గదులు తామే కట్టుకున్నవాళ్ళు

వరేలాది ఒక్కడి తిక్క కథ అనుకునేవాళ్ళు అరిజోనా పడమటి కొసకి, కొలరాడో నది ఒడ్డునున్న యూమాకి వెళ్ళి చూడాలి. అరిజోనా ఇంకా రాష్ట్రం కాకుండా టెరిటరీగా ఉన్న రోజుల్లో దాని జైలు అక్కడే పెట్టారు. 1876 జులై 1న మొదటి ఏడుగురు ఖైదీల్ని లోపలికి పంపి తాళం వేశారు. ఆ గదుల్ని కట్టింది ఆ ఏడుగురే. వాళ్ళు తాగి గొడవ చేసి పడినవాళ్ళు కాదు. ఖైదీల చేత జైలు కట్టించడం, కట్టిన గదిలోనే పెట్టడం అప్పటి ప్రభుత్వం పద్ధతి. తర్వాత వచ్చినవాళ్ళు కూడా కొండ తొలిచి మరిన్ని గదులు చేశారు.

33 ఏళ్ళలో ఆ జైల్లో 3,069 మంది ఉన్నారు. అందులో 29 మంది ఆడవాళ్ళు. 111 మంది లోపలే చనిపోయారు, ఎక్కువమంది క్షయతో. ఆ కాలానికి అక్కడ గ్రంథాలయం ఉంది, కరెంటు ఉంది. ఇళ్ళలో లేని కరెంటు జైల్లో ఉందని ఊరి జనం కుళ్ళుకునేవారట. గాలీ వెలుగూ రాని చీకటి కొట్టు కూడా అక్కడే ఉంది. రెండూ నిజమే కాబట్టి యూమా గురించి ఒక్క మాటలో తేల్చడం కష్టం. 1909లో జైలు అరిజోనాలోనే ఉన్న ఫ్లోరెన్స్ ఊరికి మారాక, 1910 నుంచి 1914 దాకా ఖాళీ భవనంలో హైస్కూలు నడిపారు. ఆ స్కూలు జట్లకి "క్రిమినల్స్" అన్న పేరు ఈనాటికీ ఉంది. పిల్లలు గర్వంగా వేసుకుంటారు. అది నాకు తప్పుగా అనిపించలేదు. తమ ఊరి చరిత్రని తామే మెడలో వేసుకోవడం వేరు, ఎవరో వచ్చి వేలు చూపించి నవ్వడం వేరు. ఈ తేడా దగ్గరికి మళ్ళీ వస్తాను.

లోపలికి వెళ్ళినవాళ్ళు, వెళ్ళనివాళ్ళు

క్లిఫ్టన్‌కి వద్దాం. కొండ జైలు 1881 నుంచి వాడుకలో ఉంది. 1906లో నది పొంగి లోపలికి నీళ్ళు రావడంతో మూతపడిందని ఊరివాళ్ళు చెబుతారు. ఆ పాతికేళ్ళలో ఈ చుట్టుపక్కల చట్టం ఎవరిని పట్టుకుంది, ఎవరిని వదిలేసింది అని చూస్తే వరేలా తాగుడు చాలా చిన్న విషయం అయిపోతుంది.

1903లో అరిజోనా శాసనసభ భూగర్భంలో పనిచేసేవాళ్ళకి రోజుకి 8 గంటలే పని అని చట్టం చేసింది. అప్పటిదాకా 10 గంటలు. జూన్ 1 నుంచి అమలు. కంపెనీలు గంటలు తగ్గించాయి, కానీ 10 గంటల కూలికి బదులు 9 గంటల కూలే ఇస్తామన్నాయి. అసలే ఒకే పనికి మెక్సికన్లకి ఒక రేటు, తెల్లవాళ్ళకి ఒక రేటు. మెక్సికన్లు, వాళ్ళతో ఇటాలియన్లు పని మానేశారు. వేలమంది కదిలారు. జూన్ 9న జోరు వానలో మొరెన్సీలో ఊరేగింపు తీశారు. అదే రోజు క్లిఫ్టన్‌ని వరద ముంచేసి పదుల మందిని పొట్టన పెట్టుకుంది. అరిజోనా రేంజర్లు, నేషనల్ గార్డ్, చివరికి కేంద్ర సైన్యం దిగాయి. వరద, సైన్యం కలిసి సమ్మెని ముగించేశాయి.

నాయకుల్ని అల్లర్ల నేరం కింద పట్టుకున్నారు. వెన్సెస్లావో లౌస్తౌనౌ, అబ్రాన్ సల్సీడో, మరికొందరు శిక్ష పడి యూమా వెళ్ళారు. లౌస్తౌనౌ 1906లో ఆ జైల్లోనే చనిపోయాడు. సల్సీడో బయటికొచ్చి, అప్పటి మెక్సికో ప్రభుత్వాన్ని ఎదిరించే మెక్సికన్ లిబరల్ పార్టీ పనిలో పడ్డాడు. 1906లోనే మళ్ళీ పట్టుకుని సరిహద్దు దాటించి మెక్సికో ప్రభుత్వానికి అప్పగించారు. శాసనసభ చేసిన చట్టం ఇచ్చిన గంటలకి పూర్తి కూలి అడిగినందుకు ఇంత జరిగింది. చట్టం స్ఫూర్తిని పక్కన పెట్టి కూలి కోసిన కంపెనీల వైపు నుంచి ఒక్కడూ చువ్వల వెనక్కి వెళ్ళలేదు.

మరుసటి ఏడాది, 1904 అక్టోబర్‌లో జరిగింది ఇంకా దారుణం. న్యూయార్క్‌లోని ఒక కాథలిక్ అనాథాశ్రమం 40 మంది పసిపిల్లల్ని రైల్లో క్లిఫ్టన్, మొరెన్సీలకి పంపింది. ఎక్కువమంది ఐరిష్ తల్లుల బిడ్డలు. పెంచుకోవడానికి ముందుకొచ్చిన కుటుంబాలు మెక్సికన్ కాథలిక్కులవి. ఊరి ఫాదర్ వాళ్ళ పేర్లు రాసి పంపాడు, ఆశ్రమం ఒప్పుకుంది. తల్లులు పిల్లల్ని ఇళ్ళకి తీసుకెళ్ళారు, స్నానాలు చేయించారు, అన్నం పెట్టారు. తెల్ల చర్మం పిల్లలు మెక్సికన్ల ఇళ్ళలో ఏమిటని ఊళ్ళోని తెల్లవాళ్ళకి కోపం వచ్చింది. రాత్రివేళ తుపాకులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి పిల్లల్ని లాక్కున్నారు. ఫాదర్‌నీ, పిల్లల్ని తీసుకొచ్చిన ఏజెంటునీ చంపేస్తామని బెదిరించారు. ఆ పిల్లల్ని తమ ఇళ్ళలో పంచుకున్నారు.

ఇది మామూలు లెక్కలో ఏమిటి? ఇంట్లోకి చొరబడటం, తుపాకీ చూపించి బెదిరించడం, పిల్లల్ని ఎత్తుకుపోవడం. అడుగుదూరంలో కొండ జైలు ఉంది, దాని తాళాలు ఉన్నాయి. ఒక్కరి మీదా కేసు లేదు. 21 మంది పిల్లలు న్యూయార్క్ తిరిగి వెళ్ళారు, 19 మంది లాక్కున్న ఇళ్ళలోనే ఉండిపోయారు. ఆశ్రమం కోర్టుకెక్కింది. అరిజోనా కోర్టు లాక్కున్నవాళ్ళకే పిల్లల్ని ఖాయం చేసింది. 1906లో అమెరికా సుప్రీంకోర్టు ఇది తాము వినాల్సిన కేసు కాదని పక్కన పెట్టేసింది. ఆ మెక్సికన్ తల్లుల్ని ఏ కోర్టూ ఒక మాట అడగలేదు.

డాన్స్ హాల్లో తుపాకీ పేల్చినవాడికి జైలు. పిల్లల మంచం దగ్గర తుపాకీ పట్టుకున్నవాళ్ళకి పిల్లలు. వరేలా కథ చెప్పి నవ్వించే ప్రతిసారీ ఈ రెండో సంగతి కూడా చెబితే చూద్దాం, ఎంతమంది నవ్వుతారో.

మరి నిజంగా దొంగలు లేరా అని అడగొచ్చు. ఉన్నారు. ఇదే ప్రాంతంలో 1889 మే 11న ఫోర్ట్ గ్రాంట్ నుంచి ఫోర్ట్ థామస్‌కి సైనికుల జీతాలు తీసుకెళ్తున్న మేజర్ వామ్ బండ్ల మీద దాడి జరిగింది. 28 వేల డాలర్లకు పైగా దోచారు. కాపలా ఉన్నది నల్లజాతి సైనికులు. ఎనిమిది మంది గాయపడ్డా పోరాడారు, వాళ్ళలో బెంజమిన్ బ్రౌన్, ఐజయా మేస్‌లకి మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. దోచినవాళ్ళని చూశామని సైనికులు కోర్టులో చెప్పారు. నిందితులు చుట్టుపక్కల ఊళ్ళలో పలుకుబడి ఉన్న రైతులు. టుసాన్‌లో జ్యూరీ అందరినీ వదిలేసింది. ఆ డబ్బు మళ్ళీ దొరకలేదు. ప్రాణాలకి తెగించినందుకు పతకం ఇవ్వడానికి పనికొచ్చినవాళ్ళు సాక్ష్యానికి పనికిరాలేదు.

దారిలో తగిలే పెద్ద జైలు

ఫీనిక్స్ నుంచి క్లిఫ్టన్ వెళ్ళాలంటే గ్లోబ్ దాటాక శాన్ కార్లోస్ అపాచీ రిజర్వేషన్ మీదుగా, అంటే అపాచీ మూలవాసులకి ప్రభుత్వం కేటాయించిన నేల మీదుగా పోవాలి. చాలామంది అక్కడ ఆగరు, ఆగడానికి ఏముందనుకుంటారు. నా మటుకు సరిహద్దు కాలపు జైళ్ళ గురించి మాట్లాడాలంటే ముందు ఆగవలసింది ఇక్కడే. 1870ల్లో వేరువేరు అపాచీ తెగల్ని, వాళ్ళతో పడనివాళ్ళని కూడా కలిపి ఈ వేడి నేల మీదికి తోలారు. మనిషికో లోహపు బిళ్ళ, దాని మీద అంకె. వరుసలో నిలబెట్టి లెక్కపెట్టి రేషన్ ఇచ్చేవారు. అనుమతి లేకుండా గీత దాటితే సైన్యం వెంటపడేది. 1886లో అపాచీ యోధుడు జెరోనిమో లొంగిపోయాక చిరికాహువా అపాచీలందర్నీ ఫ్లోరిడాకి పంపారు. సైన్యం తరఫున జెరోనిమోని వెతికిపెట్టిన అపాచీ స్కౌట్లని కూడా వదల్లేదు. 27 ఏళ్ళు, అంటే 1913 దాకా, ఆ జనం యుద్ధఖైదీలుగానే ఉన్నారు. ఖైదులో పుట్టి ఖైదులోనే పెద్దయినవాళ్ళున్నారు.

దీని ముందు రెండు గదుల కొండ జైలు ఎంత? అయినా టూరిస్టు పుస్తకాల్లో "జైలు" అన్న మాట కింద రెండు గదులే ఉంటాయి.

ఒక పెద్దాయన నాతో అన్న మాట

ఇంతదాకా రాసింది నేను మనసులో ఖాయం చేసుకునే క్లిఫ్టన్ వెళ్ళాను. చేస్ క్రీక్ వీధిలో ఒక షాపు అరుగు మీద కూర్చున్న పెద్దాయన మాటలు కలిపాడు. మెక్సికన్ కుటుంబం. తాత, తండ్రి, తను, ముగ్గురూ గనిలో పనిచేసినవాళ్ళే. వరేలా కథ విని జనం నవ్వడం నాకు నచ్చదని చెప్పాను. నాతో ఏకీభవిస్తాడనుకున్నాను. ఆయన కొంచెం చిరాకు పడ్డాడు.

"ఆ కథ మాది. మా నాన్న మాకు చెప్పేవాడు. కంపెనీ డబ్బిచ్చి జైలు కట్టమంది, వాడు ఆ డబ్బుతోనే తాగి వాళ్ళ డాన్స్ హాల్లో తుపాకీ పేల్చాడు అని చెప్పేవాడు. మేం నవ్వేది వాణ్ణి చూసి కాదు."

తర్వాత 1983 సమ్మె గురించి చాలాసేపు చెప్పాడు. అప్పట్లో గని నడిపే ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ మీద జులైలో మొదలైంది. అక్టోబర్ మొదట్లో మళ్ళీ వరద. గని గేటు దగ్గరికి మగవాళ్ళు రాకూడదని కోర్టు ఆపితే ఆడవాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. గనిలో పాత యూనియన్ కార్మికుల స్థానంలో కంపెనీ కొత్తవాళ్ళని పెట్టుకుంది. 1903 ఆయనకి తెలుసు, అనాథపిల్లల సంగతీ తెలుసు. "మా అమ్మమ్మ దాని గురించి మాట్లాడేది కాదు" అన్నాడు, అంతే.

ఆయన మాట నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. వరేలా కథ చెప్పొద్దని అనడానికి నేనెవర్ని? గనిలో మా తాత లేడు, ఆ వీధిలో మా ఇల్లు లేదు. ఐటీ ఉద్యోగానికి వచ్చి వారాంతం చూడ్డానికి వెళ్ళినవాణ్ణి. ఒకరి ధిక్కారాన్ని పట్టుకుని, వీళ్ళని పాపం అనాలి అని జాలిగా మార్చేస్తే అదీ అన్యాయమే. వరేలా చేసింది తిరుగుబాటే అయ్యుండొచ్చు. ఉత్త తాగుడే అయినా కావొచ్చు. ఇద్దరు మనుషులు ఒకే కథ చెప్పి రెండు రకాలుగా నవ్వగలరని నాకు అక్కడ అర్థమైంది.

కానీ ఆ పెద్దాయన నవ్వు వెనక 1903 ఉంది, 1904 ఉంది, 1983 ఉంది. భోజనాల బల్ల దగ్గర మా నవ్వు వెనక ఏమీ లేదు. మనకి చేరిన కథలో కంపెనీ లేదు, మిగిలింది తాగిన మెక్సికన్ ఒక్కడే. అందుకే ఆయన్ని కలిశాక నా అభిప్రాయం మారలేదు, ఇంకాస్త సూటిగా అయింది. కథని ఆపొద్దు. కథలో తీసేసినవాళ్ళని మళ్ళీ కథలోకి తేవాలి.

సరదా లేకపోతే గోడలు నిలుస్తాయా?

ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. నవ్వు తెప్పించే కథ ఉండబట్టే క్లిఫ్టన్ జైలు నిలిచింది. లేకపోతే ఎప్పుడో బండరాళ్ళతో పూడ్చి రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు. వేగాస్ దారిలో వికెన్‌బర్గ్‌లో "జైలు చెట్టు" ఉంది. 1863 నుంచి 1890 దాకా ఊళ్ళో జైలు లేక నేరస్తుల్ని ఆ చెట్టుకే గొలుసులతో కట్టేసేవారని చెబుతారు. మన పిల్లలు దాని దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని ఫోటోలు దిగుతారు. ఆ కథ లేకపోతే అదొక ముళ్ళ చెట్టు, ఎవరూ కాపాడరు.

మన సంగారెడ్డి జైలుదీ ఇదే సంగతి. 1796 నాటి కట్టడం. మ్యూజియం చేశాక 2016లో "ఫీల్ ద జైల్" అని పెట్టారు. 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీలా ఉండే వీలుండేది. ఖైదీ బట్టలు, పళ్ళెం, గ్లాసు ఇచ్చేవారు. అది రాగానే దేశమంతా పేపర్లలో పడింది, మలేసియా నుంచి కూడా టూరిస్టులు వచ్చి ఉన్నారు. ఆ పథకం లేకపోతే సంగారెడ్డిలో అంత పాత జైలు ఉందని నాకే తెలిసేది కాదు. కాబట్టి సరదాని కొట్టిపారెయ్యలేను.

నా అభ్యంతరం ఒక్కటే. 500 కట్టినవాడికి రేపు పొద్దున బయటికి వెళ్తానని తెలుసు. జైలు భయమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంటుంది. బెయిలుకి డబ్బుల్లేక, వకీలు దొరక్క విచారణ ఖైదీగా నెలలు, ఏళ్ళు ఉండిపోయేవాళ్ళు మన జైళ్ళలో శిక్ష పడినవాళ్ళకంటే ఎక్కువమంది ఉన్నారు. మ్యూజియం గోడ మీద ఆ సంగతి ఒక్క ముక్క రాస్తే సరదా ఏమీ చెడిపోదు. పళ్ళెంలో అన్నం తింటూ చదువుతారు, కొంతమంది ఇంటికి వెళ్ళాక కూడా ఆలోచిస్తారు. క్లిఫ్టన్‌లోనూ అంతే. వరేలా పక్కన లౌస్తౌనౌ పేరు, 19 మంది పిల్లల లెక్క ఉంటే చాలు. పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళు ఆ గదిలో ఫోటో దిగొచ్చు, దిగాక ఇది కూడా చెప్పొచ్చు. మా వాళ్ళకి నేను చెబుతున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా "తప్పు చేసినా కొందర్ని ఎందుకు పట్టుకోలేదు?" అన్న ప్రశ్న సులువుగానే అర్థమవుతుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను కూడా సగం కథే చెప్పినవాణ్ణి అవుతాను. ఈ ఊళ్ళో చట్టం ఎప్పుడూ కంపెనీ పక్కనే నిలబడిందని అనుకుంటే పొరపాటు. 1915 సెప్టెంబర్‌లో క్లిఫ్టన్, మొరెన్సీ, మెట్‌కాఫ్ గనుల్లో మళ్ళీ సమ్మె జరిగింది. ఈసారీ ముందున్నది మెక్సికన్లే, అడిగింది జాతిని బట్టి కూలి ఉండకూడదని. అప్పటికి అరిజోనా రాష్ట్రమైంది, గవర్నరు జార్జ్ హంట్. ఆయనా నేషనల్ గార్డ్‌నే పంపాడు, కానీ బయటినుంచి సమ్మె విచ్ఛిన్నం చేసే కూలీల్ని తీసుకురాకుండా ఆపడానికి పంపాడు. కౌంటీ షెరీఫ్ జేమ్స్ క్యాష్ సమ్మెలో ఉన్నవాళ్ళలోంచే కొందర్ని డిప్యూటీలుగా పెట్టుకున్నాడు. దాదాపు అయిదు నెలలు సాగినా 1903లోలాగా సైన్యం కార్మికుల మీద విరుచుకుపడలేదు. ఊరు వదిలి టెక్సస్‌లోని ఎల్ పాసోకి పారిపోయింది కంపెనీ మేనేజర్లు.